పందేనికి హద్దుంది.. రాత్రికి?

* నో-లిమిట్ పోకర్ అలవాటుతో చిన్న పందేల లిమిట్ ఆటకు కూర్చుంటే జేబు ఎందుకు ఖాళీ అవుతుంది?
* బెంగళూరు మేనల్లుడు, బళ్లారి మేనమామ.. నడుమ ఒక నోటుబుక్కు చెప్పిన లెక్క

బళ్లారి:

సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మేనల్లుడు భోజనాలయ్యాక జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి మేనమామ ముందు పెట్టాడు. పేజీకో నెల. నెలకు నాలుగు శనివారాలు. ప్రతి శనివారం ఎదురుగా ఒక అంకె. చాలావాటి పక్కన మైనస్ గుర్తు. ఏ అంకే వెయ్యి దాటలేదు. అడుగున కూడిక మాత్రం దాదాపు ప్రతి నెలా ఒకటే. రెండు వేలు, కాస్త అటూ ఇటూ.

"ఏమప్పా, పాల లెక్కా?" అన్నాడు మామ అద్దాలు సర్దుకుంటూ.

"కాదు మామా. పేకాట లెక్క."

మామ నవ్వలేదు. ఆయనకూ పేకాట తెలుసు. రిటైరయ్యేదాకా క్లబ్బులో పదమూడు ముక్కల రమ్మీ ఆడిన మనిషి. మేనల్లుడిది రమ్మీ కాదు, పోకర్. మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సెల్‌ఫోనులో నేర్చుకున్న ఆట. ఇద్దరూ పేర్లు రాయొద్దన్నారు. లెక్క మాత్రం రాసుకోమన్నారు. నలుగురికీ పనికొస్తుందని.

ఫోనులో అతను ఆడింది 'నో-లిమిట్'. అంటే పందేనికి హద్దు లేదు. ముందున్న చిప్స్ మొత్తం ఒక్కసారిగా నెట్టేయొచ్చు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడింది. పెద్ద సైట్లన్నీ వెంటనే డబ్బు ఆటలు ఆపేశాయి. అప్పటికే ఈయన దాచుకున్నదాంట్లో పెద్ద ముక్కే పోయింది. ఇంట్లో గొడవ అయింది. చివరికి భార్య ఒక షరతు పెట్టింది. నెలకు రెండు వేలు, అంతకు మించితే ఆట బంద్. రాసి చూపించాలి. నోటుబుక్కు అలా పుట్టింది.

అదే అపార్టుమెంటులో శనివారం రాత్రి ఒక బల్ల నడుస్తుంది. అనంతపురం, కర్నూలు, హోసూరు, బళ్లారి.. అంతా తెలుగు మాట్లాడే ఉద్యోగులే. తోటి ఉద్యోగి జీతం ఒక్క రాత్రిలో ఊడ్చుకుపోకూడదని వాళ్లు పెట్టుకున్నది 'లిమిట్' ఆట. ఎంత పందెం కాయాలో ముందే ఖాయం. "ఇందులో ఎంత పోతుందిలే" అనుకుని కూర్చున్నాడు. నెలనెలా రెండు వేలూ పోయాయి. ఎందుకు?

ఒక్క ఆటకు 240.. అంతే

ఆట సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. టెక్సాస్ హోల్డెమ్‌లో మనిషికి రెండు ముక్కలు పంచుతారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, అది ఫ్లాప్. తర్వాత ఒకటి, టర్న్. చివరిది రివర్. ఈ ఏడింటిలో మేలైన అయిదు ముక్కలు ఎవరివైతే మధ్యలో పోగైన సొమ్ము, అంటే పాట్, వాళ్లది. ఫ్లాప్‌కు ముందు ఒకసారి, తర్వాత మూడుసార్లు, మొత్తం నాలుగు విడతలు పందెం కాస్తారు.

వీళ్లది 10-20 లిమిట్. మొదటి రెండు విడతల్లో పందెం పది రూపాయలు. చివరి రెండింటిలో ఇరవై. ఒక విడతలో ఒక పందెం, దాని మీద మూడుసార్లు పెంపు. అంతకు మించి కుదరదు. అంటే ఎంత తీవ్రంగా పోట్లాడినా ఒక మనిషి ఒక ఆటలో పెట్టేది 40, 40, 80, 80.. మొత్తం 240 రూపాయలు. అదే నో-లిమిట్‌లో ముందు రెండు వేలుంటే రెండు వేలూ ఒక్క ఆటలో పోవచ్చు.

ఇది విని మామ తలూపాడు. "మా రమ్మీ కూడా అంతే కదప్పా. ఫుల్ కౌంట్ 80. ముక్కలు బాగలేకుంటే మొదట్లోనే డ్రాప్ చేస్తే 20. నడుమలో డ్రాప్ చేస్తే 40. పోయేదానికి హద్దుంది. హద్దుందని ప్రతి ఆటా ఆడేస్తే మునిగేదే."

మేనల్లుడి రోగం మామ అక్కడే పట్టేశాడు. మందు మాత్రం పోకర్ లెక్కలోనే వెతకాల్సి వచ్చింది.

బెదిరిస్తే బెదరరు

నో-లిమిట్‌లో పందెం సైజే ఆయుధం. ఎదుటివాడు ఇంకో ముక్క కోసం కాచుకున్నాడని అనుమానం వస్తే పెద్ద పందెం వేసి ఆ ముక్కను చూడటమే ఖరీదైన పనిగా చేయొచ్చు. లిమిట్‌లో ఆ కత్తి చేతిలో ఉండదు.

ఒక లెక్క చూడండి. అయిదుగురు తలా పది పెట్టి ఫ్లాప్ చూశారు. పాట్ 50. ఫ్లాప్ మీద ఒకరు పది కాస్తే ముగ్గురు కలిశారు. పాట్ 90. టర్న్ తెరిచారు. మంచి జత ఉన్న మనవాడు ఇరవై కాశాడు. పాట్ 110. ఎదుటివాడి దగ్గర నాలుగు ఆఠీన్లున్నాయి. అయిదోది పడితే ఫ్లష్, ఆట వాడిది. వాడికి కనపడని ముక్కలు 46. అందులో పనికొచ్చే ఆఠీన్లు 9, పనికిరానివి 37.

ఇలాంటి ఆట 46 సార్లు వచ్చిందనుకుందాం. తొమ్మిదిసార్లు 110 చొప్పున వాడికి వచ్చేది 990. ముప్పై ఏడుసార్లు 20 చొప్పున పోయేది 740. అంటే వాడు ముక్క చూడటం తప్పు కాదు, లాభం. మనవాడు ఎంత గుడ్లురిమినా వాడు వదలకూడదు, వదలడు.

నో-లిమిట్‌లో అదే 90 రూపాయల పాట్‌లోకి 90 కాసి ఉంటే? తొమ్మిదిసార్లు 180 చొప్పున వచ్చేది 1,620. ముప్పై ఏడుసార్లు 90 చొప్పున పోయేది 3,330. చివరి విడతలో పెద్ద మొత్తం రాబట్టే ఆశ లేకపోతే వాడు ముక్కలు పడేయాల్సిందే.

తేడా ఇంతే. ఫోను ఆటలో "వీడెందుకు వదలడం లేదు, బుద్ధి లేదా" అనిపించేది ఇక్కడ లెక్క ప్రకారం సరైన ఆట. కాబట్టి ఉత్త చేతులతో బెదిరించే బ్లఫ్‌కు చిన్న లిమిట్ బల్ల మీద విలువ తక్కువ. ముగ్గురు నలుగురు ఆటలో ఉంటే ఎవడో ఒకడు "ఇరవయ్యే కదా" అని చూపించమంటాడు. మనవాడి నోటుబుక్కులో మొదటి రెండు నెలల మైనస్‌లలో సగం ఇలాంటి బెదిరింపులకే పోయాయి.

ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. పందెం కాసినవాడు మనకు సరిగ్గా కుడిపక్కన, అంటే మనకన్నా ఒక్క అడుగు ముందు ఉంటే, వెంటనే పెంచాలి. వెనకున్నవాళ్లు ఒక పందేనికి బదులు రెండు పందేలు పెట్టి కలవాలి. సైజు పెంచలేకపోయినా ధర రెట్టింపు చేసినట్టే.

"ఇరవయ్యే కదా" అన్న మాట

అలాగని ప్రతి ముక్క కోసమూ కాచుకోవడం తెలివి కాదు. అదే 110 పాట్‌లో మనవాడికి నడుమ ఒక్క ముక్క లేని వరస ఉందనుకోండి. 5, 6, 8, 9 ఉన్నాయి. ఏడు పడాలి. పేక మొత్తంలో ఏడులు నాలుగే. 46 సార్లలో నాలుగుసార్లు 110 చొప్పున వచ్చేది 440. నలభై రెండుసార్లు 20 చొప్పున పోయేది 840. పెట్టేది అదే ఇరవై. ఒకచోట లాభం, ఒకచోట నష్టం. పందెం చిన్నదా పెద్దదా అన్నది కాదు, పాట్‌కూ మన అవకాశానికీ పొత్తు కుదిరిందా అన్నదే ప్రశ్న.

చేతులు కాలేది ఇక్కడే. నో-లిమిట్‌లో ఎనభై వందలు ఎదురొస్తే మనిషి ఆలోచిస్తాడు. లిమిట్‌లో పది, ఇరవై అయ్యేసరికి ఆలోచన మానేస్తాడు. లెక్క వేస్తే తెలుస్తుంది. ఇంటి బల్ల మీద గంటకు పాతిక ఆటలు నడిచాయనుకుందాం. అయిదు ఆటల్లో ఒకసారి అనవసరంగా ఇరవై పెట్టినా గంటకు వంద. అయిదు గంటలు కూర్చుంటే అయిదు వందలు. నాలుగు శనివారాలకు రెండు వేలు.

నోటుబుక్కులో అడుగున ఉన్న అంకె సరిగ్గా అదే.

చివరి ఇరవై వదలకూడదు

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకోటి ఉంది. ఫోను ఆటలో పేరు తెచ్చేది 'పెద్ద ఫోల్డ్'. రెండు జతలు చేతిలో ఉన్నా ఎదుటివాడి భారీ పందెం చూసి పడేయడం. అది అక్కడ గొప్ప. ఇక్కడ నష్టం.

రివర్ తెరిచేసరికి పాట్ 160 ఉంది. ఎదుటివాడు ఇరవై కాశాడు. మనం ఇరవై పెడితే గెలిచేది 180. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఓడితే పోయేది 180. ఒక్కసారి గెలిస్తే వచ్చేది 180. సరికి సరి. అంటే పదింటిలో ఒకసారికి మించి గెలిచే వీలుందనిపిస్తే చూడాల్సిందే. తప్పుగా చూస్తే పోయేది ఇరవై. తప్పుగా పడేస్తే పోయేది నూట ఎనభై.

పందెం కాయడంలోనూ అంతే. చేతిలో పెద్ద జత ఉండి, ఎదుటివాడు ఊరుకుంటే, "పెంచుతాడేమో" అని నో-లిమిట్ ఆటగాడు తనూ ఊరుకుంటాడు. అక్కడ పెంపు అంటే బల్ల మీదున్నదంతా కావచ్చు కాబట్టి ఆ భయం సహజం. ఇక్కడ పెంపు అంటే ఇంకో ఇరవై. తక్కువ ముక్కలతో కలిసేవాళ్లు ఉన్న బల్ల మీద ఆ ఇరవై కాయకపోవడమంటే రావలసింది వదులుకోవడమే. చిన్న లిమిట్‌లో ఆదాయమంతా ఇలాంటి ఇరవైలే. ఒక్క దెబ్బకు బల్ల ఊడ్చే ఆట కాదిది.

పది, ఇరవైల తేడాను కూడా వాడుకోవచ్చు. నాలుగు ఆఠీన్లతో మనం ఆఖర్న మాట్లాడే చోట ఉంటే, ఫ్లాప్ మీద పది రూపాయల దగ్గరే పెంచాలి. చాలామంది టర్న్ మీద జంకి ఊరుకుంటారు. మనమూ ఊరుకుంటే రివర్ ముక్క ఉచితం. అదనంగా పెట్టింది పది, మిగిలింది ఇరవై.

ముక్కల విలువ మారింది

మొదటి రెండు ముక్కల ఎంపిక కూడా మారాలి. చిన్న జత.. రెండు నాలుగులో, రెండు అయిదులో.. వచ్చాయనుకోండి. ఫ్లాప్‌లో మూడోది పడేది ఎనిమిది తొమ్మిదిసార్లకు ఒకసారి. నో-లిమిట్‌లో ఆ ఒక్కసారికి ఎదుటివాడి చిప్స్ మొత్తం రాబట్టొచ్చు గనుక మిగిలినసార్లు పోయింది పూడుతుంది. లిమిట్‌లో అంత రాదు. నలుగురైదుగురు కలిసే ఆటైతే చిన్న జతతో చౌకగా చూడొచ్చు. ఒక్కడే ఎదురుంటే పడేయడం మేలు. ఆసు-రాజు, ఆసు-రాణి, రాజు-రాణిలాంటి పెద్ద ముక్కలకు మాత్రం ఇక్కడ మర్యాద పెరుగుతుంది. మంచి ముక్కతో పెద్ద జత పడితే తరచూ అదే చాలు.

రెండు ఆసులు వచ్చి ఓడిపోతే మనసు విరగ్గొట్టుకోవడం ఇంకో జబ్బు. ఎదుట ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏ రెండు ముక్కలున్నా చివరిదాకా చూస్తే ఆసుల జత గెలిచేది నూటికి దాదాపు 85 సార్లు. అయిదుగురు చివరిదాకా నిలిస్తే దాదాపు 49 సార్లే. అంటే సగంసార్లు ఓటమే. అయినా ఆరుగురిలో ఒకరికి న్యాయంగా వచ్చే వాటా నూటికి 17 కాబట్టి, అది బంగారం లాంటి చెయ్యి. ఓడినప్పుడు కోపంతో తర్వాతి పది ఆటలు చెత్త ముక్కలతో ఆడితేనే అది మట్టి అవుతుంది.

పుస్తకాలున్నాయి, కంప్యూటరూ ఉంది

ఈ లెక్కలేవీ కొత్తవి కావు. 2003కు ముందు అమెరికా కార్డ్‌రూముల్లో ఎక్కువగా నడిచింది లిమిట్ హోల్డెమే. ఆ ఏడాది ఆన్‌లైన్ అర్హత పోటీ నెగ్గి వచ్చిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. టీవీలో అది చూసిన కొత్త తరమంతా నో-లిమిట్ వైపు మళ్లింది. ఆ మరుసటి ఏడాది, 2004లో, ఎడ్ మిల్లర్, డేవిడ్ స్క్లాన్‌స్కీ, మేసన్ మాల్‌మత్ కలిసి చిన్న పందేల లిమిట్ ఆట మీదే 'స్మాల్ స్టేక్స్ హోల్డెమ్' అనే పుస్తకం రాశారు.

హద్దు ఉండటం వల్లే లిమిట్ ఆట లెక్కకు ముందు లొంగింది. ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ను దాదాపు పూర్తిగా పరిష్కరించామని కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015 జనవరిలో సైన్స్ పత్రికలో ప్రకటించారు. వాళ్ల ప్రోగ్రాం పేరు సెఫియస్. ఇద్దరి నో-లిమిట్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి లిబ్రాటస్ నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్లను ఓడించింది 2017లో. అది గెలుపే, పరిష్కారం కాదు. పందెం ఎంతైనా కావచ్చు అన్నచోట దారులు అన్ని రెట్లు పెరుగుతాయి మరి.

గట్టు దాటితే చట్టం వేరు

కన్నడంలో పేకాటనే ఇస్పీటు అంటారు. తెలుగులో ఇస్పేటు అంటే నాలుగు రంగుల్లో ఒకటి మాత్రమే. సరిహద్దు జిల్లాల్లో మాట ఎలా మారుతుందో, చట్టమూ అలా మారుతూ వచ్చింది.

రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆటేనని, మూడు ముక్కలాట ఉత్త అదృష్టమని సుప్రీంకోర్టు తేల్చింది ఒక సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే. 1968 నాటి తీర్పుగా దానికి పేరు. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బు పేకాటను నిషేధించాయి. కర్ణాటక హైకోర్టు 2013లో పోకర్ ఆడే క్లబ్బులకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2021లో కర్ణాటక తెచ్చిన నిషేధాన్ని 2022 ఫిబ్రవరి 14న అదే హైకోర్టు కొట్టేసింది. పోకర్ జూదమేనని గుజరాత్ హైకోర్టు 2017లో అంది. చివరికి 2025 కేంద్ర చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనతో పని లేకుండా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించడాన్నే నేరం చేసింది. ఆడించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉండొచ్చు.

మారతహళ్లి బల్ల మీద ఒక నియమం అందుకే గట్టిగా ఉంది. ఇంటాయన పాట్‌లోంచి పైసా తీసుకోడు. టీ, సమోసా ఖర్చు కూడా తలా ఇంత వేసుకుంటారు. ఆట ఆడించి కమీషను తీసుకునే ఇల్లు చట్టం దృష్టిలో ఇల్లు కాదు, జూదగృహం అయ్యే ప్రమాదముంది. లెక్క ప్రకారం చూసినా కమీషనే చిన్న ఆటకు చెదపురుగు. ఇరవైలు ఏరుకునే చోట పాట్ పాట్‌కూ పది తీసేస్తే బాగా ఆడేవాడికీ మిగిలేది ఉండదు.

గంటకు ఇరవై రూపాయలు

మరి బాగా ఆడితే ఎంత వస్తుంది? మామ అడిగింది ఇదే.

పాత లిమిట్ ఆటగాళ్ల కొలత ఒకటుంది. గంటకు ఒక పెద్ద పందెం మిగిలితే వాడు మంచి ఆటగాడు. 10-20 బల్ల మీద పెద్ద పందెం అంటే ఇరవై రూపాయలు. అది కూడా ఎన్నో వందల గంటల సగటు. నడుమ ఒడిదుడుకులు తట్టుకోవడానికి 300 పెద్ద పందేలు, అంటే ఆరు వేలు, విడిగా పెట్టుకోవాలన్నది ఇంకో పాత సూత్రం.

"గంటకు ఇరవయ్యా?" మామ ఈసారి నవ్వాడు. "రాత్రంతా కూర్చుంటే ఒక దోసె, కాఫీ. దానికోసరమా ఇంట్లో కొట్లాట?"

మేనల్లుడి దగ్గర జవాబు లేదు. కాసేపాగి మామే అన్నాడు.

"ఆడొద్దు అనను. నేను ఆడినోణ్నే. కానీ బల్ల మీద పెట్టిన హద్దు ఒక ఆటకే అబ్బీ. రాత్రికి హద్దు ఎవడు పెట్టాడు? ఫోనులో ఒక్కసారి గుండె జారేది, భయపడి లేచేవాడివి. ఇప్పుడు కారే కుళాయి మాదిరి పోతాండాది. చప్పుడు లేదు, అందుకే లేవడం లేదు."

ఆ మాట మేనల్లుడికి తగిలింది. నోటుబుక్కులో కొత్త గళ్లు గీసుకున్నాడు. గెలుపోటముల అంకె పక్కన ఇంకో రెండు. ఒకటి, ఆ రాత్రి అనవసరంగా పెట్టిన ఇరవైలు ఎన్ని. రెండు, లేచిన టైము. అయిదు వందలు పోయినా లేవాలి, పదకొండు కొట్టినా లేవాలి. ఏది ముందైతే అది.

ఆ తర్వాతి నెల పేజీలో నాలుగు శనివారాలకు రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు. కూడిక మైనస్ 130. ఒక్క నెల చూసి ఆట వచ్చేసిందనుకోవడానికి లేదని అతనే ఒప్పుకుంటున్నాడు. నాలుగు రాత్రుల్లో అదృష్టం ఎటైనా తిప్పుతుంది. తన చేతిలో ఉన్నవి మాత్రం కొత్తగా గీసిన ఆ రెండు గళ్లే అంటున్నాడు.

ఆ నెలాఖరుకు నోటుబుక్కు భార్య చేతికి వెళ్లింది. గెలుపోటముల గడి ఆమె చూడలేదు. నాలుగు వారాల్లో లేచిన టైములు వరసగా చదివింది. 11:00, 10:40, 11:05, 10:15. మూడోదాని కింద పెన్నుతో గీత గీసి, పుస్తకం తిరిగి ఇచ్చింది.